స్టాంపులు అమ్ముడుపోయాక మిగిలే మెడల్స్

నేను మెడల్స్ కలెక్ట్ చేస్తానని చెప్తే ఎవరైనా ముందు అడిగేది మిలిటరీవా అని, కాదంటే ఆటలవా అని, అదీ కాదండీ స్టాంపుల ఎగ్జిబిషన్లలో కలెక్టర్లకి ఇచ్చేవి అంటే ఒక్క క్షణం ఆగి "స్టాంపులకి కూడా మెడల్స్ ఇస్తారా?" అంటారు. ఇస్తారు. 1881 నవంబర్లో వియన్నాలో మొట్టమొదటి స్టాంపుల ఎగ్జిబిషన్ జరిగింది, ఆ తర్వాత లండన్, పారిస్, న్యూయార్క్, అలా ఊరూరా పాకి మన దాకా వచ్చింది. ఇప్పుడు మన దగ్గరే జిల్లా స్థాయి, పోస్టల్ సర్కిల్ అంటే దాదాపు రాష్ట్ర స్థాయి, జాతీయ స్థాయి, ఆపైన ప్రపంచ స్థాయి అని మెట్లు మెట్లుగా జరుగుతాయి, ప్రతి మెట్టు దగ్గరా ఒక మెడల్ ఉంటుంది.

స్టాంపులు వదిలేసి ఈ మెడల్స్ వెనకాల ఎందుకు పడ్డానో చెప్తాను. స్టాంపుల కలెక్షన్ అనేది మనిషి పోయాక చాలా తొందరగా చెదిరిపోతుంది. ఇందులో ఎవర్నీ అనడానికి లేదు, పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటారు, వాళ్లకి ఇంటరెస్ట్ ఉండదు, డీలర్ వస్తాడు, మంచి కవర్లు నాలుగు ఏరుకుని ఆక్షన్లో పెడతాడు, మిగతాది లాటు కింద పోతుంది. ఆ మనిషి ఏళ్ల తరబడి రాత్రుళ్లు కూర్చుని పేర్చిన వరస, ఈ కవరు పక్కన ఈ కవరే ఎందుకు ఉండాలి అని తనలో తాను వాదించుకుని రాసుకున్న నోట్సు, ఆ పేజీలు, అవన్నీ పోతాయి. స్టాంపులు ఎక్కడికీ పోవు, ఇంకొకళ్ల ఆల్బంలో హాయిగా ఉంటాయి, కానీ ఆ ఎగ్జిబిట్ మాత్రం ఇంక లేదు. అది ఒకప్పుడు ఉండేది, తెలిసినవాళ్లు దాని ముందు నిలబడి పేజీ పేజీ చదివి మార్కులేశారు అని చెప్పడానికి మిగిలేది మెడల్ ఒక్కటే. కొనేవాడు లేడు కాబట్టే అది ఇంట్లో మిగిలిపోతుంది. నేను దాచేది దాన్ని.

మార్కులు అన్నాను కదా, అది ఎలా వేస్తారో తెలిస్తే తప్ప మెడల్ విలువ అర్థం కాదు, అందుకని కొంచెం వివరంగా చెప్తాను. ఎగ్జిబిషన్ హాల్లో అద్దం బిగించిన ఫ్రేములు వరసగా నిలబెడతారు, ఒక్కో ఫ్రేములో పదహారు పేజీలు పడతాయి, నాలుగు వరసలు నాలుగేసి. ప్రపంచ స్థాయిలో కొత్తగా వచ్చేవాళ్లకి ఐదు ఫ్రేములు ఇస్తారు, బాగా పై మెడల్ తెచ్చుకున్నవాళ్లకి ఎనిమిది. అంటే కొత్తవాళ్లకి ఎనభై పేజీలు, సీనియర్లకి నూట ఇరవై ఎనిమిది. ఆ పేజీల్లోనే కథంతా చెప్పాలి, పక్కన నిలబడి మనం వివరించడానికి ఉండదు. జ్యూరీ వాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి వచ్చి చూస్తారు, చూసి నూటికి మార్కులు వేస్తారు.

ఆ నూరు ఎలా పంచారో చూస్తే ఎవరికైనా ఆశ్చర్యమేస్తుంది. సాధారణ స్టాంపుల విభాగం, తపాలా చరిత్ర విభాగం ఈ రెండింట్లో అయితే ట్రీట్‌మెంట్‌కి, అంటే కథని నడిపిన తీరుకి, 20, సబ్జెక్టు ప్రాముఖ్యానికి 10, జ్ఞానం పరిశోధనలకి కలిపి 35, వస్తువుల కండిషన్‌కి 10, అరుదుతనానికి 20, ఇక పేజీలు అందంగా ఉన్నందుకు 5. అవును, అయిదంటే అయిదే. రంగు కాగితాలు, బార్డర్లు, డిజైన్లు వేసి ఎంత సింగారించినా ఆ ఐదు దాటి ఒక్క మార్కు రాదు. అన్నిటికంటే పెద్ద వాటా తెలివిది, చదువుది. డబ్బున్నవాడు అరుదైన స్టాంపు కొనేసి మెడల్ కొట్టేస్తాడు అని చాలామంది అనుకుంటారు, కానీ డబ్బు పెట్టి కొనగలిగేది కండిషన్, అరుదుతనం, ఆ రెండూ కలిపి 30 మాత్రమే.

నైజాం స్టాంపులే తీసుకోండి, మనవాళ్లు ఎక్కువగా ఎంచుకునే సబ్జెక్టుల్లో అదొకటి. 1869లో మొదలైన వరస అది, 1931 సెట్లో చార్మినార్ ఉంది, హైకోర్టు ఉంది, ఉస్మాన్ సాగర్ ఉంది, అజంతా గుహల ముఖద్వారం కూడా ఉంది. ఆ సెట్టు కొనుక్కొచ్చి వరసగా అంటిస్తే చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ జ్యూరీ వాళ్లకి అందులో మన పని ఏదీ కనపడదు. ఏ అచ్చులో ఏ గీత అరిగింది, రంగు ఎప్పుడు మారింది, ఏ ఊరి పోస్టాఫీసులో ఏ ముద్ర వాడారు, ఎంత బరువుకి ఎంత రేటు, ఇవన్నీ వస్తువు పెట్టి నిరూపించాలి. అప్పుడే ఆ 35లో మార్కులు కదులుతాయి. అందుకే ఒక వెండి మెడల్ చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు ఆ వెండి కంటే దాని వెనకాల ఉన్న లైబ్రరీ, ఉత్తరాలు, భూతద్దం ముందుగా గుర్తొస్తాయి.

ఇప్పుడు మెడల్ మెట్లు. ప్రపంచ స్థాయి పోటీలకి నియమాలు పెట్టేది ఎఫ్ఐపీ, 1926లో పుట్టిన అంతర్జాతీయ సమాఖ్య. వాళ్ల లెక్కలో 95 దాటితే లార్జ్ గోల్డ్, 90కి గోల్డ్, 85కి లార్జ్ వెర్మీల్, 80కి వెర్మీల్, 75కి లార్జ్ సిల్వర్, 70కి సిల్వర్, 65కి సిల్వర్ బ్రాంజ్, 60కి బ్రాంజ్. వెర్మీల్ అంటే వెండి మీద బంగారు పూత, ఈ మెట్టు ఆటల పోటీల్లో ఉండదు కాబట్టి కొత్తవాళ్లు ఇక్కడే తికమకపడతారు. ఇంకో తేడా ఏంటంటే ఇక్కడ ఫస్టు సెకండు థర్డు అని ఉండవు, 90 దాటినవాళ్లు ఎంతమంది ఉంటే అంతమందికీ గోల్డే, నీ పోటీ పక్కవాడితో కాదు ఆ నూరు మార్కులతో. అన్నిటికన్నా పైన గ్రాండ్ ప్రీలు అని ఉంటాయి, అవి మాత్రం ఒక్కోటీ ఒక్కళ్లకే.

ఈ మెట్లలో కలెక్టర్లు కూడా పెద్దగా పట్టించుకోని సంగతి ఒకటుంది. ప్రపంచ స్థాయి ఎగ్జిబిషన్లో గోల్డ్ మెడల్ కంటే బ్రాంజ్ దొరకడం కష్టం. ఎందుకంటే అక్కడికి రావాలంటేనే ముందు సొంత దేశంలో జాతీయ స్థాయిలో 75 మార్కులు, అంటే నేషనల్ వెర్మీల్ (జాతీయ స్థాయిలో మెట్ల లెక్క వేరు, అక్కడ 75కే వెర్మీల్), తెచ్చుకుని ఉండాలి. అలా వడపోసి పంపిన ఎగ్జిబిట్లే వస్తాయి కాబట్టి ఎక్కువ శాతం మధ్య మెట్ల మీద, పై మెట్ల మీద కూర్చుంటాయి, అట్టడుగున బ్రాంజ్ వచ్చేది బాగా కొద్దిమందికి. పైగా బ్రాంజ్ వచ్చినవాళ్లు మనసు చిన్నబుచ్చుకుని దాన్ని ఏ సొరుగులోనో పడేస్తారు, ఎవరికీ చూపించరు, ఇల్లు మారినప్పుడు అది కాస్తా పోతుంది. అందుకే ఎవరైనా నాకు ఇంటర్నేషనల్ బ్రాంజ్ చూపిస్తే నేను గోల్డ్ పక్కన పెట్టి దాన్ని తీసుకుంటాను. చాలా ఎగ్జిబిషన్లలో అచ్చు ఒకటే ఉంటుంది, పూత మాత్రం మెట్టుని బట్టి మారుతుంది, ఒకే ఎగ్జిబిషన్‌వి అన్ని మెట్లూ సెట్టుగా పేర్చాలంటే ఎప్పుడూ ఆగిపోయేది ఆ కింద మెట్టు దగ్గరే.

కాకినాడ మెడల్స్ గురించి చెప్పాలి, నా దగ్గర ఉన్నవాటిలో నాకు అన్నిటికంటే దగ్గరివి అవే. నా ఫ్రెండ్ వాళ్ల వీధిలో ఒక పెద్దాయన ఉండేవారు, ఉద్యోగం చేసినన్నాళ్లూ, రిటైరయ్యాక కూడా ఫ్రెంచి ఇండియా తపాలా మీద పనిచేశారు, ముఖ్యంగా యానాం మీద. యానాం కాకినాడ పక్కనే కదా, గోదావరి ఒడ్డున తెలుగువాళ్ల ఊరు, 1954 దాకా ఫ్రెంచి వాళ్ల చేతిలో ఉంది. 1892 నుంచి పాండిచ్చేరి, కారైకాల్, మాహే, చంద్రనగర్, యానాం ఈ ఐదు చోట్లకీ కలిపి ఫ్రెంచి ఇండియా పేరుతో స్టాంపులు వేసేవాళ్లు. స్టాంపు అన్ని చోట్లా ఒకటే, మరి ఉత్తరం యానాంలో పోస్టయిందని తెలిసేది ఎలా అంటే మీద పడ్డ ముద్రని బట్టే. యానాం చిన్న ఊరు, ఉత్తరాలు తక్కువ, అందుకే యానాం ముద్ర ఉన్న కవరంటే కలెక్టర్లు ఎగబడతారు. ఆయన ఆ ముద్రల కోసమే పాండిచ్చేరికి, మద్రాసుకి, ఫ్రాన్సులో ఉన్న డీలర్లకి ఉత్తరాలు రాసేవారట.

ఆయన పోయిన కొన్నాళ్లకి నా ఫ్రెండ్ నన్ను వాళ్లింటికి తీసుకెళ్లాడు. పెద్దావిడ కాఫీ ఇచ్చి, లోపలికెళ్లి ఒక స్టీలు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. "స్టాంపులన్నీ మా పెద్దాడు వచ్చినప్పుడు అమ్మించేసేడు బాబూ. ఇయ్యి మట్టుకు ఎవరూ అడగలేదు. ఇనప సామానోడికి ఇచ్చెయ్యమన్నారు గానీ నాకు మనసొప్పలేదు" అంది. డబ్బాలో మూడు మెడల్ పెట్టెలు. రెండు సర్కిల్ స్థాయివి, సిల్వర్ బ్రాంజ్ ఒకటి, సిల్వర్ ఒకటి. మూడోది నేషనల్ వెర్మీల్. పెట్టెల లోపల నీలం వెల్వెట్టు అక్కడక్కడ పురుగు కొట్టేసింది, వెర్మీల్ మెడల్ అంచు దగ్గర పూత కొంచెం పోయి కింద తెల్లగా కనపడుతోంది, మొహం వైపు మాత్రం చెయ్యి పడినట్టే లేదు. మెడల్ మీద ఆయన పేరు లేదు. మన మెడల్స్‌లో చాలావాటి మీద పేర్లు చెక్కరు, ఎగ్జిబిషన్ పేరు, సంవత్సరం, మెట్టు, అంతే.

ఆ వెర్మీల్ పెట్టెలో వెల్వెట్టు అట్ట కొంచెం పైకి లేచి ఉంది, ఎత్తి చూస్తే కింద నాలుగు మడతలు పెట్టిన కాగితం. జ్యూరీ ఇచ్చిన మార్కుల షీటు. ట్రీట్‌మెంట్ 15, ప్రాముఖ్యం 8, జ్ఞానం పరిశోధన 26, కండిషన్ 7, అరుదుతనం 15, ప్రెజెంటేషన్ 4. కూడి చూసుకోండి, సరిగ్గా 75. ప్రపంచ స్థాయికి వెళ్లడానికి కావలసిన గీత మీద సరిగ్గా నిలబడ్డారు ఆయన. కాగితం వెనకవైపు పెన్సిలుతో తెలుగులో రాసుకున్నారు, చిన్న చిన్న అక్షరాలు, ఒకదాని కింద ఒకటి. "యానాం రిజిస్టర్డు కవరు దొరకాలి." "మ్యాపు పేజీ తీసెయ్యాలి, చోటు దండగ." "ఫనాన్ల రేట్లు పట్టిక వెయ్యాలి." "ఫ్రాన్స్ లీబ్ర్ ఎక్కువైంది, రెండు పేజీలు తగ్గించాలి."

ఫనాన్లు అంటే, 1923 నుంచి అక్కడి స్టాంపుల మీద ఫ్రెంచి సెంటీములు కొట్టేసి స్థానిక డబ్బు అచ్చువేశారు, ఎనిమిది ఫనాన్లు ఒక రూపాయి, ఇరవై నాలుగు కాష్‌లు ఒక ఫనాను. ఫ్రాన్స్ లీబ్ర్ అనేది రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీకి లొంగని ఫ్రెంచి నాయకుడు డీగాల్ పక్షాన నిలబడ్డందుకు 1941 నుంచి స్టాంపుల మీద కొట్టిన ముద్ర. ఈ రెండూ తెలిస్తే ఆయన లిస్టు చదువుతున్నప్పుడు మనిషి ఎలా ఆలోచించేవాడో కళ్లకి కడుతుంది. ఫ్రాన్స్ లీబ్ర్ స్టాంపులు చూడ్డానికి బావుంటాయి, జనం దాని ముందే ఆగుతారు, అయినా తన కథ యానాం కాబట్టి తగ్గించాలి అని నిర్ణయించుకున్నాడాయన. మార్కులొచ్చిన సంతోషంలో ఉండగానే వచ్చేసారికి ఏం చెయ్యాలో రాసుకున్నాడు. ఆ కాగితాన్ని పెద్దావిడకి చదివి వినిపించాను. ఆవిడ మొత్తం విని "ఆ రిజిస్టర్డు కవరు గురించి నాకూ చెప్పేవారు బాబూ, దొరికిందో లేదో మరి" అంది. డబ్బులిస్తానంటే ఒప్పుకోలేదు. మార్కుల షీటుకి, మూడు మెడల్స్‌కి మంచి ఫొటోలు తీసి ఫ్రేము కట్టించి వాళ్లింటికి పంపించాను, మనవరాలు దాన్ని హాల్లో పెట్టించిందట.

ఆ ఇంటి తర్వాత నేను కలెక్ట్ చేసే పద్ధతే మారింది. ఇప్పుడు నాకు మెడల్ ఒక్కటే చాలదు, దాని కాగితాలు కావాలి. ప్రతి పెద్ద ఎగ్జిబిషన్‌కీ ఒక కేటలాగ్ వేస్తారు, ఏ ఫ్రేము నంబర్లో ఎవరి ఎగ్జిబిట్ ఉంది, దాని టైటిల్ ఏంటి అన్నీ అందులో ఉంటాయి. చివర్లో అవార్డుల ఫంక్షన్ రోజు పాల్మరెస్ అని ఇంకో పుస్తకం ఇస్తారు, అది ఫలితాల లిస్టు, పేరు పక్కన పొట్టి అక్షరాల్లో మెట్టు, స్పెషల్ ప్రైజ్ ఉంటే దానికో గుర్తు. చాలామంది కేటలాగ్ దాచుకుంటారు, ఎందుకంటే రంగుల బొమ్మలుంటాయి. పాల్మరెస్ పల్చటి పుస్తకం, బొమ్మలుండవు, హోటల్ రూములోనే వదిలేసి వస్తారు. కానీ పేరులేని మెడల్‌కి పేరు దొరికేది ఆ పల్చటి పుస్తకంలోనే. ఫలానా ఎగ్జిబిషన్లో ఫలానా మెట్టు వచ్చినవాళ్లు నలుగురే ఉంటే, మెడల్ ఏ ఊరి నుంచి వచ్చిందో తెలిస్తే, ఇద్దరి దాకా తేల్చెయ్యొచ్చు, ఒక్కోసారి ఒక్కరి దగ్గరికే వెళ్లిపోతుంది. అందుకని నా వరకూ నేను ఒక్కో మెడల్‌కి ఒక కవరు పెట్టి అందులో కేటలాగ్ పేజీ జిరాక్సు, పాల్మరెస్ పేజీ జిరాక్సు, ఎవరి దగ్గర దొరికింది, వాళ్లేం చెప్పారు అన్నీ రాసి పెడుతున్నాను.

మన దేశంలో జరిగినవాటిలో నేను గట్టిగా వెతికేది 1954 ఢిల్లీది. మన తపాలా బిళ్ళకి నూరేళ్లు నిండాయని ఆ అక్టోబర్లో అంతర్జాతీయ ఎగ్జిబిషన్ పెట్టారు, 1854లో అఖిల భారత స్థాయిలో స్టాంపులు మొదలయ్యాయి కదా, ఆ లెక్కన. ఆ తర్వాత 1973లో ఇండిపెక్స్, 1980లో ఇండియా 80, 1989లో ఇండియా 89, 1997లో ఇండెపెక్స్, అన్నీ ఢిల్లీలోనే. 2000లో కలకత్తాలో ఆసియా స్థాయిది జరిగింది. 2011 ఫిబ్రవరిలో మళ్లీ ఢిల్లీలో ఇండిపెక్స్, ఖద్దరు బట్ట మీద గాంధీ గారి స్టాంపు వేసింది అప్పుడే, అలహాబాదులో 1911 ఫిబ్రవరి 18న విమానంలో ఉత్తరాలు తీసుకెళ్లి నూరేళ్లయిన సందర్భం కూడా అదే. మన ఆపెక్స్‌ల, అంటే ఆంధ్రప్రదేశ్ సర్కిల్ ఎగ్జిబిషన్ల, మెడల్స్ కూడా నాకు అంతే ముఖ్యం, ఇంకా చెప్పాలంటే ఎక్కువ, ఎందుకంటే ఢిల్లీవి ఎవరో ఒకరు దాస్తారు, మన సర్కిల్ స్థాయివి, జిల్లా స్థాయివి మనం దాచకపోతే దాచేవాళ్లే లేరు. రాష్ట్రం విడిపోయాక పోస్టల్ సర్కిళ్లు కూడా రెండయ్యాయి, ఉమ్మడి సర్కిల్ పేరుతో ఉన్న మెడల్స్ ఇక కొత్తగా పుట్టవు.

మెడల్‌కీ స్టాంపుకీ సంబంధం ఏంటి, ఇది స్టాంపుల హాబీయే కాదు అనేవాళ్లు క్లబ్బుల్లో ఉన్నారు. వాళ్లకి నేను ఎప్పుడూ చెప్పేది ఒకటే, అసలు ప్రపంచంలో మొదటి స్టాంపు పుట్టిందే ఒక మెడల్ లోంచి. 1837 నవంబర్ 9న విక్టోరియా రాణి లండన్ గిల్డ్‌హాల్‌కి వచ్చింది, ఆ రాక గుర్తుగా విలియం వయన్ అనే ఆయన ఒక మెడల్ చెక్కాడు, ఒకవైపు రాణి తల ఎడమకి తిరిగి ఉంటుంది, రెండోవైపు గిల్డ్‌హాల్ ముఖద్వారం. 1840లో పెన్నీ బ్లాక్ తయారుచేసేటప్పుడు రాణి బొమ్మ కోసం ఆ మెడల్‌నే తీసుకున్నారు. హెన్రీ కార్బోల్డ్ దాన్ని చూసి బొమ్మ గీశాడు, చార్లెస్ హీత్, ఆయన కొడుకు ఫ్రెడరిక్ కలిసి దాన్ని ఉక్కు మీద చెక్కారు. రాణి ముసలిదైపోయినా బ్రిటన్ స్టాంపుల మీద ఆవిడ వయసు పెరగలేదు, చివరిదాకా ఆ పడుచుపిల్ల మొహమే. వయన్ మెడల్ ఒరిజినల్ నేను ఒక డీలర్ దగ్గర చేతిలో పట్టుకుని చూశాను, అరచేతిని దాదాపు నింపేస్తుంది. జుట్టు ముడిలో పాయలు ఒక్కొక్కటీ విడివిడిగా తెలుస్తాయి, ఆ ముడినీ, మెడ కింద కోసిన గీతనీ చూస్తే పెన్నీ బ్లాక్ చూసిన ఎవరైనా టక్కున గుర్తుపడతారు. చిన్న స్టాంపులో నల్లటి సిరాలో చూసిన మొహం అక్కడ లోహంలో పైకి లేచి ఉంటే ఒళ్లు పులకరించింది.

కొనేవాళ్లకి నాలుగు మాటలు. హైదరాబాదులో పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజారుకి నేను తరచుగా వెళ్తాను, పాత ఇత్తడి, గడియారాలు, తాళాలు పరిచి కూర్చునేవాళ్ల దగ్గర గిన్నెలో నాణేలతో పాటు మెడల్స్ కూడా ఉంటాయి. "గిది ఆటలదనుకుంట సార్, రన్నింగుదో ఏందో, తీస్కోండ్రి" అని ఇచ్చిన మెడల్ మీద భూతద్దంతో చూస్తే పళ్ల చక్రంలాంటి అంచు, మధ్యలో రన్నర్ బొమ్మ. భుజం మీద కర్ర, కర్రకి సంచీ, కర్ర చివర గజ్జెలు. పరుగు పందెం వాడు కాదు, పాత రోజుల్లో ఉత్తరాల సంచీ మోసుకుంటూ పరిగెత్తిన తపాలా రన్నర్. అది ఒక జిల్లా ఎగ్జిబిషన్ మెడల్. స్టాంపుల మెడల్స్‌లో స్టాంపుకి ఉన్నట్టు పళ్ల అంచు, కొమ్ము బూర, పావురం, ఉత్తరాల డబ్బా, రన్నర్, ఇవి కనపడితే ఆగి చూడండి.

లోహం ఏంటో తెలియాలంటే అంచు తిప్పి చూడాలి. పారిస్ టంకశాల మెడల్స్ అంచు మీద కొమ్ము ఆకారం గుర్తు, పక్కన లోహం పేరు ఫ్రెంచిలో కొట్టి ఉంటాయి, 1880 నుంచి వాళ్ల పద్ధతి అదే. ఇంగ్లాండు వెండి అయితే నడుస్తున్న సింహం గుర్తు, బర్మింగ్‌హామ్‌లో ముద్ర పడితే లంగరు గుర్తు. ఈ కాలం మెడల్స్‌లో గోల్డ్ అంటే చాలావరకు పూతే, కాబట్టి బరువు చూసి బంగారం ధర అడిగేవాడి దగ్గర కొనొద్దు.

దొరికాక దయచేసి తోమకండి. చింతపండు వద్దు, పీతాంబరి అసలే వద్దు. కంచు మీద ఏళ్ల తరబడి పట్టిన ఆ గోధుమ రంగు పొర దాని చర్మం, దాన్ని గీకేస్తే కింద మెరుపు వస్తుంది గానీ చెక్కిన గీతల పదును పోతుంది, మళ్లీ తిరిగి రాదు. పూత మెడల్స్‌ని తోమితే పూతే పోతుంది. మెత్తటి కాటన్ గుడ్డతో దుమ్ము దులిపి వదిలెయ్యండి. మెత్తటి ప్లాస్టిక్ పీవీసీ కవర్లలో పెడితే కొన్నాళ్లకి పచ్చటి జిడ్డు పడుతుంది, రబ్బరు బ్యాండు వేస్తే వెండి నల్లబడుతుంది. కాకినాడ, విశాఖ లాంటి సముద్రం ఊళ్లలో ఉండేవాళ్లు సిలికా జెల్ ప్యాకెట్లు వేసి అప్పుడప్పుడు మారుస్తుండాలి. పాత పెట్టె చిరిగిపోయినా పారెయ్యొద్దు, మెడల్ విడిగా మంచి కవర్లో పెట్టి పెట్టెని పక్కన ఉంచండి, లోపలి అట్ట కింద కూడా ఒకసారి చూడండి.

మెడల్స్‌లోనే వేరే రకం ఒకటుంది, ఎగ్జిబిషన్లో కాకుండా జీవితకాలం చేసిన పనికో, రాసిన పుస్తకానికో సంస్థలు ఇచ్చేవి. బెర్లిన్ వాళ్ల లిండెన్‌బర్గ్ మెడల్ 1905లో మొదలైంది, లండన్ రాయల్ ఫిలాటెలిక్ సొసైటీ వాళ్ల క్రాఫర్డ్ మెడల్ స్టాంపుల మీద వచ్చిన గొప్ప పుస్తకాలకి ఇస్తారు. అవి నా దారి కాదు, వాటిని దాచడానికి మ్యూజియంలు, సొసైటీలు ఉన్నాయి.

ఇప్పుడు నేను చేస్తున్న పని చెప్తాను. ఎగ్జిబిషన్లలో ఓపెన్ అని ఒక విభాగం ఉంది, అందులో సగానికి తగ్గకుండా తపాలా సామగ్రి ఉండాలి, మిగతా సగంలో ఫొటోలు, టిక్కెట్లు, కాగితాలు, వేరే వస్తువులు ఏవైనా పెట్టుకోవచ్చు, ఫ్రేములో పట్టేంత పల్చగా ఉంటే చాలు. స్టాంపుల ఎగ్జిబిషన్ల మీదే ఒక ఎగ్జిబిట్ కడుతున్నాను. ఎగ్జిబిషన్ సందర్భంగా వేసిన స్టాంపులు, స్పెషల్ కవర్లు, ఆ రోజు కొట్టిన ముద్రలు ఒకవైపు, అదే ఎగ్జిబిషన్ పాల్మరెస్ పేజీ, మెడల్ రెండోవైపు. 1954 నాటి నాలుగు స్టాంపుల సెట్టు, దాని మొదటిరోజు కవరు రెడీగా ఉన్నాయి, మెడల్ కోసం చూస్తున్నాను. మందంగా ఉన్న మెడల్స్ అద్దం కింద పట్టవు, వాటికి రెండువైపులా అసలు సైజులో ఫొటోలు తీయిస్తున్నాను, పక్కనుంచి లైటు వేసి తీస్తే చెక్కడం బాగా కనపడుతోంది. యానాం మార్కుల షీటుకి పెద్దావిడ పర్మిషన్ ఇచ్చింది, పేరు తీసేసి ముందువైపు, వెనకవైపు రెండూ ఒకే పేజీలో పెడుతున్నాను. ముందు జిల్లా స్థాయిలో పెట్టి జ్యూరీ ఏమంటారో విని, పేజీలు సరిచేసుకుని సర్కిల్‌కి తీసుకెళ్లాలని ఉంది.